నంబరు అదే, కంపెనీ వేరు: మొబైల్ నంబర్ పోర్టబిలిటీ ఎంత బాగా పనిచేస్తోంది?

మొబైల్ నంబరును ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చుకోవడానికి టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ కట్టిన ధర 6 రూపాయల 46 పైసలు. చాలాసార్లు కొత్త కంపెనీ ఆ కాస్త కూడా వినియోగదారుడి దగ్గర తీసుకోదు, తానే భరిస్తుంది. మొబైల్ నంబర్ పోర్టబిలిటీ అనే పెద్ద పేరు కాగితాల మీదే ఉంది, జనం నోట్లో అది ‘పోర్ట్ పెట్టుకోవడం’. ఈ సమీక్ష ఆ సేవ గురించే. ఏ కంపెనీ సిమ్ మంచిదన్నది ఇక్కడ ప్రశ్న కాదు. నచ్చని కంపెనీని వదిలి వెళ్ళే దారి ఎంత సాఫీగా ఉంది, ఎక్కడ అడ్డుపడుతుంది, ఆ దారి ఉన్నందువల్ల మనకు నిజంగా ఒరిగిందేమిటి అన్నవి చూద్దాం.

ముందుగా తీర్పు. యంత్రాంగం వరకు ఇది మన దేశంలో బాగా కుదిరిన ప్రజాసేవల్లో ఒకటి. 2019 డిసెంబరు 16న వచ్చిన మార్పుల తర్వాత మరింత మెరుగుపడింది. లోటు వేరే చోట ఉంది. తలుపు తెరిచే ఉంది గానీ, దాటి వెళ్ళి చేరడానికి ఇళ్ళు తగ్గిపోయాయి.

ఈ సేవ విలువ తెలియాలంటే అది లేని రోజులు గుర్తుండాలి. దేశంలో తొలి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలను 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో పెట్టింది ఓరియంటల్ టెలిఫోన్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థే. తర్వాత అంతా సర్కారు చేతికి వచ్చింది. 1985 దాకా తపాలా, తంతి, టెలిఫోను ఒకే గొడుగు కింద ఉండేవి. ఆ ఏడు టెలికం శాఖ విడిగా ఏర్పడింది. 1986లో ఢిల్లీ, బొంబాయి నగరాలకు ఎంటీఎన్ఎల్, విదేశీ కాల్స్‌కు వీఎస్ఎన్ఎల్ అనే ప్రభుత్వ కంపెనీలు వచ్చాయి. మిగతా దేశమంతటికీ శాఖే కంపెనీ. నిబంధనలు రాసేదీ, లైను వేసేదీ, ఫిర్యాదు వినేదీ ఆ శాఖే. ఫోను కావాలంటే పేరు నమోదు చేసుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. ఓవైటీ (ఓన్ యువర్ టెలిఫోన్) పథకం కింద పెద్ద మొత్తం ముందే డిపాజిట్ చేసినవారికి వరసలో కాస్త ముందు చోటు దొరికేది. 1994 జాతీయ టెలికం విధాన పత్రంలో ప్రభుత్వం తానే రాసుకున్న లెక్క ఇది: నూటికి 0.8 ఫోన్లు, మొత్తం 80 లక్షల లైన్లు, వరసలో ఎదురుచూస్తున్నవారు 25 లక్షలు.

ఆ విధానంతో ప్రైవేటుకు ద్వారం తెరుచుకుంది. 1995 జూలై 31న కలకత్తా నుంచి అప్పటి ముఖ్యమంత్రి జ్యోతి బసు ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్ రామ్‌తో మాట్లాడింది దేశంలో తొలి మొబైల్ కాల్. మొదట్లో సర్కిల్‌కు, అంటే లైసెన్సు ఇచ్చే ఒక్కో ప్రాంతానికి, రెండే కంపెనీలు. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో అవి టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్. నిమిషానికి రూ. 16.80 దాకా వసూలు, ఇన్‌కమింగ్‌కూ డబ్బులే. గుత్తాధిపత్యం పోయి జంటాధిపత్యం వచ్చిందంతే. ధరలు నిజంగా కూలడానికి ఇంకా మూడు నాలుగు పనులు జరగాల్సి వచ్చింది. 1997లో ట్రాయ్ ఏర్పడింది. నిర్ణీత లైసెన్సు రుసుము మోయలేక మునుగుతున్న కంపెనీలు 1999 విధానంతో ఆదాయంలో వాటా చెల్లించే పద్ధతికి మారాయి. 2000 అక్టోబరు 1న టెలికం శాఖ వ్యాపారం బీఎస్ఎన్ఎల్‌గా విడిపోయింది, దాంతో రూల్సు రాసేవాడూ ఆడేవాడూ ఒకరే కావడం తగ్గింది. 2002లో బీఎస్ఎన్ఎల్ మొబైల్, ఆ వెంటనే సీడీఎంఏ అనే వేరే రకం మొబైల్ సాంకేతికతతో రిలయన్స్ రంగంలో దిగాయి. 2003 మే 1 నుంచి ఫోను చేసినవారే చెల్లించే పద్ధతి వచ్చి ఇన్‌కమింగ్ ఉచితమైంది.

ఇంత పోటీ వచ్చాక కూడా ఒక గొలుసు మాత్రం మిగిలింది. అదే నంబరు. అప్పట్లో తెలుగు నాట నంబరు చూడగానే కంపెనీ చెప్పేసేవారు: 98480 అంటే ఐడియా, 98490 అంటే ఎయిర్‌టెల్, 98850 అంటే హచ్, 94400 అంటే బీఎస్ఎన్ఎల్. కంపెనీ మారాలంటే నంబరు వదులుకోవాలి. దుకాణం బోర్డు, విజిటింగ్ కార్డు, బ్యాంకు ఖాతా, గ్యాస్ బుకింగ్, పిల్లల స్కూలు రిజిస్టరు అన్నీ మార్పించుకోవాలి. ఆ శ్రమకు భయపడి సిగ్నల్ లేకున్నా, బిల్లు తప్పులతడకగా వచ్చినా జనం అక్కడే ఉండిపోయేవారు. ఆ సంగతి కంపెనీలకు బాగా తెలుసు. కొత్త కస్టమరుకు ఆఫరు, పాత కస్టమరుకు పాత ధర. 2010 నవంబరు 25న హర్యానాలో మొదలై 2011 జనవరి 20 నుంచి దేశమంతటికీ వచ్చిన పోర్టబిలిటీ ఆ గొలుసు తెంచింది. అందుకే టెలికం సంస్కరణల్లో లైసెన్సులు ఇవ్వడం ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం. పదిమంది అమ్మేవాళ్ళున్నా, కొనేవాడు కదలలేకపోతే పోటీ కాగితం మీదే ఉంటుంది.

లోపల జరిగేది ఇది. దేశాన్ని రెండు మండలాలుగా చేశారు. ఉత్తర, పశ్చిమ సర్కిళ్ళు సినివర్స్ అనే సంస్థ చూస్తుంది, దక్షిణ, తూర్పు సర్కిళ్ళు ఎంఐటీఎస్ చూస్తుంది. మన సర్కిల్ రెండో దాని కింద ఉంది. పోర్ట్ అయిన ప్రతి నంబరుకూ ఇప్పుడది ఏ కంపెనీలో ఉందో చెప్పే రూటింగ్ కోడు ఈ సంస్థల పట్టికలో ఉంటుంది. ఆ పట్టిక నకలు ప్రతి కంపెనీ దగ్గరా ఉంటుంది. మీరు ఎవరికైనా ఫోను చేయగానే మీ కంపెనీ ముందు ఆ పట్టిక చూసి, కాల్‌ను నేరుగా ప్రస్తుత కంపెనీకి పంపుతుంది. నంబరును మొదట ఇచ్చిన కంపెనీకి ఇందులో పాత్రే ఉండదు. ఈ ఎంపిక చాలా దూరదృష్టితో చేసింది. పాత కంపెనీ ద్వారా కాల్ దారి మళ్ళించే పద్ధతి పెట్టి ఉంటే, ఆ కంపెనీ మూతపడిన రోజున పోర్ట్ అయిన నంబర్లన్నీ మూగబోయేవి. ఎయిర్‌సెల్ 2018లో దివాలా తీసినా, దాని నుంచి బయటపడిన నంబర్లు ఈ రోజుకీ వేరే కంపెనీల్లో మోగుతున్నాయంటే కారణం ఇదే.

2019 మార్పు ఇంకా కీలకం. అంతకుముందు పోర్టింగ్ కోడును పాత కంపెనీయే పుట్టించేది. కోడు ఇచ్చి, కస్టమరు కొత్త కంపెనీలో దరఖాస్తు పెట్టాక, బకాయి ఉందనో 90 రోజులు నిండలేదనో తిరస్కరించేది. ఆ తిరస్కారాల్లో సరైనవెన్నో, పొమ్మనడానికి మనసొప్పక చేసినవెన్నో తేల్చడం కష్టంగా ఉండేది. ఇప్పుడు కోడును మండల సంస్థ పుట్టిస్తుంది. అర్హత ప్రశ్నలన్నీ ముందే పాత కంపెనీ కంప్యూటరును అడిగి, అన్నీ సరిగ్గా ఉంటేనే కోడు వస్తుంది. మామూలు వ్యక్తిగత కనెక్షనుకు కోడు వచ్చిందంటే, ఆ తర్వాత పాత కంపెనీ అడ్డుచెప్పడానికి దాదాపు ఏమీ మిగలదు. ఈ ఒక్క మార్పు కోసమే ఈ సేవకు మంచి మార్కులు వేయాలి.

ఇక చేసే పద్ధతి. ఫోనులో కొత్త మెసేజ్ తెరిచి, ఇంగ్లిష్‌లో పోర్ట్ అని టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, పది అంకెల నంబరు కొట్టి 1900కు పంపాలి. ఆ మెసేజ్ పోర్ట్ చేయాల్సిన సిమ్ నుంచే వెళ్ళాలి. రెండు సిమ్‌ల ఫోన్లలో ఎక్కువగా తప్పేది ఇక్కడే: మెసేజ్ రెండో సిమ్ నుంచి వెళ్ళిపోతుంది, కోడు రాదు, కంపెనీ ఆపేసిందని అనుకుంటారు. పంపేముందు డిఫాల్ట్ సిమ్ ఏదో చూసుకోండి. చిన్న రీచార్జిలో ఎస్ఎంఎస్‌లు లేవు కాబట్టి మెసేజ్ పోదని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. ఏ ప్లాన్‌లో ఉన్నా ప్రీపెయిడ్ కస్టమర్లందరికీ 1900కు మెసేజ్ వెళ్ళనివ్వాలని 2021 డిసెంబరులో ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది. అంతకుముందు తక్కువ ధర ప్లాన్‌లలో ఎస్ఎంఎస్ తీసేయడం వల్ల బీదవారే బయటికి పోలేక చిక్కుకునేవారు. చూడటానికి చిన్న ఆదేశం, చేసిన మేలు పెద్దది.

అర్హత ఉంటే కాసేపట్లో ఎనిమిది అక్షరాలూ అంకెలూ కలిసిన కోడు వస్తుంది. దీనినే యూపీసీ అంటారు. మొదటి రెండు అక్షరాలు మీ పాత కంపెనీని, సర్కిల్‌ను సూచిస్తాయి. గడువు 4 రోజులు. జమ్మూ కశ్మీర్, అస్సాం, ఈశాన్య సర్కిళ్ళకు మాత్రం 30 రోజులు. నాలుగో రోజు దాటితే మళ్ళీ మెసేజ్ పంపి కొత్తది తెచ్చుకోవాలి, దానికేమీ నష్టం లేదు. కోడును బ్యాంకు ఓటీపీ అంత జాగ్రత్తగా చూడండి. ఫోనులో ‘కస్టమర్ కేర్ నుంచి’ అంటూ అడిగేవారికి చెప్పకూడదు. కౌంటర్ దగ్గర చదివి వినిపించడం కన్నా మెసేజ్ చూపించడం మేలు. ఇంగ్లిష్ ఓ అక్షరాన్ని సున్నాగా కొట్టినా దరఖాస్తు తిరిగి వస్తుంది.

కోడు రాకుండా కారణం చెప్పే మెసేజ్ వస్తే అది కింద చెప్పిన వాటిలో ఒకటై ఉంటుంది. ఎక్కువగా కనిపించేది 90 రోజుల నిబంధన. కొత్త కనెక్షన్ తీసుకున్న రోజు నుంచి గానీ, చివరిసారి పోర్ట్ అయిన రోజు నుంచి గానీ 90 రోజులు నిండాలి. రెండోది సిమ్ మార్పు. పోయిందనో చెడిందనో కొత్త సిమ్ తీసుకుంటే, 2024 జూలై 1 నుంచి ఉన్న నియమం ప్రకారం 7 రోజులు ఆగాలి. మోసగాళ్ళు మన పేరున నకిలీ సిమ్ తీసుకుని, వెంటనే నంబరును ఇంకో కంపెనీకి తరలించి బ్యాంకు ఖాతా ఖాళీ చేయడాన్ని ఆపడానికి పెట్టిన గడువు ఇది. కాస్త విసుగు పుట్టించినా ఉండాల్సిన నియమమే. మూడోది పేరు మార్పు. తండ్రి పేరున ఉన్న నంబరును కొడుకు పేరుకు మార్చే దరఖాస్తు నడుస్తుంటే, అది తేలేదాకా పోర్ట్ కుదరదు. ముందు పేరు మార్పు పూర్తి చేయించుకుని తర్వాత పోర్ట్ పెట్టాలి. మిగిలినవి, కంపెనీతో ఒప్పంద కాలం ముగియకపోవడం, నంబరు మీద కోర్టు వ్యవహారం ఉండటం లాంటివి, మామూలు జనానికి అరుదు.

పోస్ట్‌పెయిడ్ వాళ్ళకు ఇంకో మెలిక. అప్పటికే వచ్చిన బిల్లులన్నీ కట్టి ఉండాలి. అయితే అసలు ప్రమాదం అది కాదు, తర్వాత వచ్చే చివరి బిల్లు. పోర్ట్ అయ్యేలోగా వాడిన రోజులకు పాత కంపెనీ ఆఖరి బిల్లు వేస్తుంది. అది ఎప్పుడూ తెరవని ఈమెయిల్‌కు పోతుంది. కట్టకపోతే పాత కంపెనీ ఫిర్యాదు మీద కొత్త కంపెనీ ముందు హెచ్చరించి, ఆ తర్వాత సేవ ఆపేస్తుంది. కొత్త కంపెనీకి సక్రమంగా కడుతున్నా ఫోను ఎందుకు ఆగిందో అర్థం కాక తిరిగేవారి కథ చాలాసార్లు ఇదే. పోర్ట్ అయిన నెలలో పాత కంపెనీ యాప్ తీసేయకుండా ఉంచుకుని, ఆఖరి బిల్లు కట్టిన రశీదు దాచుకోండి.

ప్రీపెయిడ్‌లో మిగిలిన బ్యాలెన్సు, ప్యాక్‌లో మిగిలిన రోజులు పోతాయి. పాత కంపెనీ తిరిగి ఇవ్వదు, కొత్తదానికి బదిలీ కావు. అందుకని ప్యాక్ అయిపోవడానికి వారం ముందు మొదలుపెట్టడం సరైన లెక్క. అయిపోయేదాకా ఆగితే ఇంకో రకం చిక్కు. సేవ ఆగిన నంబరుకు కోడు, ఓటీపీ రావడం అనుమానం. అలాగే కొత్త కంపెనీలో చేరగానే ఏడాది ప్యాక్ వేయించుకోకండి. దుకాణదారు ఎంత చెప్పినా 28 రోజుల ప్యాక్‌తో మొదలుపెట్టి, ఇంట్లో, ఆఫీసులో, సొంత ఊళ్ళో సిగ్నల్ చూసుకున్నాకే పెద్ద ప్యాక్ మాట. ఎందుకంటే 90 రోజులు కదలలేరు, కదిలినా ఏడాది డబ్బు వెనక్కి రాదు.

కొత్త కంపెనీ దుకాణానికి గానీ, ఇంటికి సిమ్ తెచ్చే మనిషికి గానీ ఆధార్, కోడు చూపిస్తే అప్పటికప్పుడు ఫోటో తీసి దరఖాస్తు నింపుతారు. ఇక్కడ రెండు కళ్ళూ తెరిచి ఉండాలి. ఒకటి, దరఖాస్తు పోర్టింగ్‌దేనా, కొత్త కనెక్షన్‌దా అని చూడండి. కొత్త నంబరు సిమ్ అంటగట్టి ‘తర్వాత పాత నంబరు వచ్చేస్తుంది’ అని పంపేసేవారూ ఉన్నారు. అది అలా రాదు. రెండు, వేలిముద్ర సరిగ్గా పడలేదంటూ పదేపదే వేయించుకుంటుంటే అనుమానించండి. ఆ వేలిముద్రలతో మీ పేరున ఇంకో సిమ్ తీసే మోసం ఉంది. మనిషికి 9 కనెక్షన్లు పరిమితి. మీ పేరున ఎన్ని ఉన్నాయో కేంద్రం నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో చూడొచ్చు, మీవి కానివాటిని అక్కడే ఫిర్యాదు చేయొచ్చు. పోర్ట్ పెట్టిన వారం తర్వాత ఒకసారి చూడటం అలవాటు చేసుకుంటే మంచిది.

దరఖాస్తు పెట్టాక మనసు మారితే 24 గంటల్లోగా ఇంగ్లిష్‌లో క్యాన్సిల్ అని రాసి, ఖాళీ వదిలి, నంబరు కొట్టి అదే 1900కు పంపాలి. ఈలోగా పాత కంపెనీ నుంచి ఉండిపొమ్మని ఫోన్లు రావచ్చు. తగ్గింపు ఇస్తామంటే, అది ఎన్ని నెలలకో, ఏ ప్యాక్ మీదో మెసేజ్‌గా పంపమని అడగండి. నోటిమాట మీద పోర్ట్ రద్దు చేసుకోవద్దు.

ఒకే సర్కిల్‌లో అయితే 3 పని దినాలు, వేరే సర్కిల్‌కు అయితే 5 పని దినాలు పడుతుంది. ఆదివారాలు, సెలవులు లెక్కలోకి రావు. మార్పు సాధారణంగా రాత్రి వేళ జరుగుతుంది. ఎప్పుడన్నది ముందే మెసేజ్ వస్తుంది. పాత సిమ్‌లో సిగ్నల్ పోయిందంటే కొత్త సిమ్ వేసి ఫోను ఆపి తెరవాలి. అప్పటిదాకా పాత సిమ్ తీయకండి, పనిచేసేది అదే. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు కొన్ని బ్యాంకుల ఓటీపీలు ఆలస్యం కావచ్చు. మెసేజ్‌లు పంపే సంస్థల పట్టికలు కొత్త దారి ఎక్కించుకోవడానికి కాస్త సమయం పడుతుంది. సిమ్ మారింది కాబట్టి యూపీఐ యాప్‌లు నంబరును మళ్ళీ ధ్రువీకరించమంటాయి. అందువల్ల ఈఎంఐ కట్టే తేదీ, ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజులు, పాస్‌పోర్టు అపాయింట్‌మెంటు లాంటివాటి ముందు పోర్ట్ పెట్టకండి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి బ్యాంకు ఓటీపీ కోసం ఇండియా నంబరు నిలుపుకునేవాళ్ళు, సెలవులకు వచ్చినప్పుడు మొదటి వారంలోనే ఈ పని చేసుకోవాలి. ధ్రువీకరణకు సాధారణంగా మనిషి ఎదురుగా ఉండాల్సి వస్తుంది, తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు మొదలుపెడితే సగంలో ఆగిపోతుంది.

సర్కిళ్ళ గురించి ఒక మాట. రాష్ట్రం 2014లో విడిపోయినా లైసెన్సు లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపి ఇంకా ఒకే సర్కిల్. హైదరాబాద్ నంబరు విజయవాడలో పోర్ట్ చేసినా అది ఒకే సర్కిల్ పోర్ట్. బెంగళూరు, చెన్నై వెళ్ళినవారికి 2015 జూలై 3 నుంచి దేశమంతటా నంబరు మార్చకుండా సర్కిల్ మారే వీలు వచ్చింది. అయితే దేశంలో రోమింగ్‌కు విడిగా ఛార్జీ లేని ఈ రోజుల్లో, కంపెనీ బాగుంటే సర్కిల్ కోసమే మారాల్సిన పని లేదు.

ఏ కంపెనీకి వెళ్ళాలన్నది ఫోనును బట్టి కూడా ఉంటుంది, ఈ సంగతి దుకాణాల్లో చెప్పరు. జియోకు 2జీ లేదు. ఇంట్లో పెద్దవాళ్ళ పాత కీప్యాడ్ ఫోను అందులో పనిచేయదు, 4జీ వోల్టీ (4జీ మీదే కాల్స్ నడిపే పద్ధతి) ఉన్న ఫోను కావాలి. బీఎస్ఎన్ఎల్ 4జీకి 700, 2100 మెగాహెర్ట్జ్ తరంగాలు వాడుతోంది. పాత ఫోనులో 700 అందుకునే బ్యాండ్ 28 లేకపోతే ఇంటి గోడల లోపల సిగ్నల్ దొరకడం కష్టం. ఫోను స్పెసిఫికేషన్ల పేజీలో బ్యాండ్‌ల వరుస చూసి ఖాయం చేసుకోండి. ట్రాయ్ నిబంధనల ప్రకారం ఇప్పుడు ప్రతి కంపెనీ తన వెబ్‌సైట్‌లో 2జీ, 4జీ, 5జీ కవరేజీ పటం పెట్టాలి. అది చూడండి, కానీ పటం చూపేది వీధి దాకానే. ఇంటి లోపలి గదిలో ఎలా ఉంటుందో ఆ కంపెనీ సిమ్ ఉన్న బంధువునో స్నేహితుణ్ణో పిలిచి పది నిమిషాలు మాట్లాడించి చూడటమే నమ్మదగిన పరీక్ష.

ఇప్పుడు లోటు సంగతి. పోర్టబిలిటీ వచ్చిన కొత్తలో మన సర్కిల్‌లో కంపెనీలు చాలానే ఉండేవి: ఎయిర్‌టెల్, ఐడియా, వొడాఫోన్, బీఎస్ఎన్ఎల్, రిలయన్స్, టాటా డొకోమో, ఎయిర్‌సెల్, యూనినార్ ఇంకా కొన్ని. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసింది. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. ఆ వెంటనే జరిగిన తగాదా చూస్తే, పోటీకి లైసెన్సు ఒక్కటే చాలదని తెలుస్తుంది. జియోకు సరిపడా ఇంటర్‌కనెక్షన్ పాయింట్లు ఇవ్వలేదంటూ ఎయిర్‌టెల్, వొడాఫోన్‌లకు చెరి 1,050 కోట్లు, ఐడియాకు 950 కోట్ల జరిమానా వేయమని ఆ అక్టోబరులో ట్రాయ్ సిఫారసు చేసింది. ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కు కాల్ దాటే ఆ ద్వారాలు ఇరుకైతే, కొత్త కంపెనీ ఎంత మంచిదైనా కాల్స్ తెగిపోతాయి. కస్టమరు మాత్రం తప్పు కొత్త కంపెనీదే అనుకుంటాడు.

తర్వాతి రెండు మూడేళ్ళలో రిలయన్స్ కమ్యూనికేషన్స్ మొబైల్ కాల్స్ ఆపేసింది, ఎయిర్‌సెల్ కూలింది, టెలినార్, టాటా ఎయిర్‌టెల్‌లో కలిశాయి, వొడాఫోన్, ఐడియా 2018 ఆగస్టు 31న ఒకటయ్యాయి. ఎయిర్‌సెల్ పతనం ఈ సేవలో ఒక బలహీనతను బయటపెట్టింది: నెట్‌వర్కే పడిపోతే 1900కు మెసేజ్ ఎలా పోతుంది? కంపెనీ కష్టాల్లో ఉందని, టవర్లు ఒకటొకటిగా ఆగుతున్నాయని వార్తలు వస్తే ఆఖరి రోజుదాకా ఆగకుండా, సిగ్నల్ ఉన్నప్పుడే కోడు తెచ్చుకోవాలి.

ఇప్పుడు మిగిలినవి నాలుగు. అందులో జియో, ఎయిర్‌టెల్ కలిసి మొబైల్ కస్టమర్లలో నాలుగింట మూడొంతులకు దగ్గరగా ఉన్నాయి. ఒకటి, బీఎస్ఎన్ఎల్, పూర్తిగా ప్రభుత్వానిది. 2025లో ప్రభుత్వానికి కట్టాల్సిన బకాయిలను వాటాలుగా మార్చాక వొడాఫోన్ ఐడియాలోనూ ప్రభుత్వ వాటా 49 శాతం దగ్గరకు చేరింది. 2024 జూలై మొదటి వారంలో మూడు ప్రైవేటు కంపెనీలూ ఒకటి రెండు రోజుల తేడాతో ధరలు పెంచాయి. ఆ నెలలో జనం కోపంతో పోర్ట్ మెసేజ్‌లు పంపారు, ఒక్క నెలలో 1.36 కోట్లకు పైగా అభ్యర్థనలు వచ్చాయి. ప్రైవేటు కంపెనీలు మూడూ కస్టమర్లను పోగొట్టుకున్నాయి, బీఎస్ఎన్ఎల్‌కు సుమారు 29 లక్షల మంది కొత్తగా చేరారు. కానీ అప్పటికి దాని 4జీ చాలా ఊళ్ళలో రాలేదు. ఏడాది చివరికొచ్చేసరికి బీఎస్ఎన్ఎల్ మళ్ళీ కస్టమర్లను పోగొట్టుకోవడం మొదలైంది. వెళ్ళే హక్కు పనిచేసింది, వెళ్ళినచోట సేవ నిలబడలేదు. 2025 సెప్టెంబరులో దేశంలోనే తయారైన పరికరాలతో బీఎస్ఎన్ఎల్ 4జీని దేశమంతటా ప్రారంభించారు. అది మీ ఊళ్ళో బాగా పనిచేస్తే పోర్టబిలిటీ విలువ దానంతటదే పెరుగుతుంది. ధరలను ట్రాయ్ నిర్ణయించదు, మార్కెట్‌కు వదిలేసింది. కాబట్టి ధరకు పగ్గం వేసేది నాలుగో కంపెనీ బీఎస్ఎన్ఎల్ నాణ్యతే.

పోర్ట్ అకారణంగా ఆగితే ముందు కొత్త కంపెనీకి ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు సంఖ్య) తీసుకోండి. తర్వాత అదే కంపెనీ అప్పీలు అధికారికి రాయాలి. పాత కంపెనీ ఫిర్యాదు లైను 198. అక్కడా తేలకపోతే కేంద్ర ప్రజాఫిర్యాదుల పోర్టల్‌లో టెలికం శాఖ కింద పెట్టొచ్చు. వ్యక్తిగత ఫిర్యాదులను ట్రాయ్ తీసుకోదు. కోడు వచ్చిన తేదీ ఉన్న మెసేజ్, దరఖాస్తు నకలు, తిరస్కార మెసేజ్ ఈ మూడూ స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుంటేనే ఫిర్యాదు ముందుకు కదులుతుంది.

ఈ సేవ ఇంకా అడుగుపెట్టని చోటు ల్యాండ్‌లైన్. హైదరాబాద్‌లో 040 తర్వాత 2తో మొదలైతే బీఎస్ఎన్ఎల్, 4 అయితే ఎయిర్‌టెల్, 6 అయితే టాటా అని మొదటి అంకెకే కంపెనీ ముద్ర ఉంది, ఆ ముద్ర మార్చుకునే వీలు లేదు. అమెరికాలో 1996 చట్టంతో ల్యాండ్‌లైన్‌కూ ఈ హక్కు వచ్చింది, మన దగ్గర రాలేదు. ముప్పై ఏళ్ళుగా ఒకే నంబరు నడుపుతున్న క్లినిక్‌లు, మందుల షాపులు, ట్యుటోరియల్స్ ఫైబర్ కోసం కంపెనీ మారితే ఆ నంబరు పోతుంది. అలాంటివారు ముందు తమ బీఎస్ఎన్ఎల్ ఎక్స్ఛేంజీలో ఫైబర్ ఉందేమో కనుక్కోవాలి. ఉంటే అదే నంబరుతో రాగి లైనును ఫైబర్‌కు మార్చమని రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి. ఆ పని పూర్తయ్యేదాకా పాత కనెక్షన్ సరెండర్ చేయకూడదు. సరెండర్ అయ్యాక ఆ నంబరు మళ్ళీ మీకే దొరుకుతుందన్న హామీ లేదు.